ఎడమవైపు మార్జిన్, ముప్పై రెండు మేకలు

కరోనాకు ముందటి ఏడాది వానాకాలంలో నన్ను వికారాబాద్ నుంచి తాండూరు మేజిస్ట్రేట్ కోర్టుకు ఫైలింగ్ గుమాస్తాగా వేశారు. వచ్చిన కాగితం నిబంధనల ప్రకారం ఉందో లేదో చూసి నంబరు వేయడం నా పని. హోదా చిన్నదే. కానీ నా కళ్లజోడు ముక్కు మీదికి జారితే అనంతగిరి కోతులు సైతం బుద్ధిగా కూర్చుంటాయని నా నమ్మకం.

పెద్దేముల్ వైపు మల్లయ్య మేకలు ముప్పై రెండూ ఒక రైతు కందిచేనులో పడ్డాయి. పట్టుకున్న జీవాలను ఇరవై నాలుగు గంటల్లో బందెలదొడ్డికి తోలాలని పాత పశువుల చట్టం. రైతు తన పెరట్లోనే కట్టేసుకున్నాడు. దానిపై ఫిర్యాదుకు పట్టిన రోజు నుంచి పది రోజులే గడువు. మల్లయ్యకు ఆ మంద తప్ప వేరే బతుకు లేదు.

తొమ్మిదో రోజు ఫిర్యాదు తెచ్చాడు. ఎడమవైపు మార్జిన్ లేదు.

"మల్లయ్యా, నీ మేకలు చేన్ల వడ్డయ్, నీ రాత మార్జిన్ల వడ్డది. మళ్ల రాయించుకొని రా" అన్నాను.

"మరి దీన్ని గూడ కట్టేసుకుంటవా సారూ?" అని కాగితం మడుచుకొని పోయాడు. తిరిగొచ్చేసరికి పదకొండో రోజు.

విచారణలో గడువు దాటిందని రైతు వకీలు లేచాడు. మేజిస్ట్రేట్ మేడమ్ కామా దగ్గర కూడా ఆగి చదివే మనిషి. కొట్టేయబోతుంటే మల్లయ్య నావైపు చెయ్యి చూపాడు.

"తొమ్మిదో దినమే తెచ్చిన మేడమ్. జాగ ఇడ్వలేదని గా సారే వాపస్ ఇచ్చిండు."

నా గుండె కొడంగల్ బస్సెక్కి పోయింది. వాపసిచ్చే కాగితం మీద తేదీ ముద్ర కొట్టి కారణం రాయాలి. రిజిస్టరు పని తప్పుతుందని మేమంతా నోటిమాటతో తిప్పి పంపేవాళ్లం. అందుకే ఆ తొమ్మిదో రోజుకు నేను తప్ప సాక్ష్యం లేదు. కాదంటే మంద పోతుంది, అవునంటే నా ఇంక్రిమెంటు. అవునన్నాను.

మేడమ్ సెక్షన్ మళ్లీ చదివి, పది రోజుల్లో ఫిర్యాదు చేయాలని ఉంది, మార్జిన్ వదిలి చేయాలని ఎక్కడుందని అడిగారు. కోర్టు నియమాల్లో ఉందన్నాడు వకీలు. అవి కాగితాన్ని దిద్దడానికే, తెచ్చిన రోజును చెరపడానికి కాదన్నారామె. జిల్లాలో నాకన్నా అక్షరానికి కట్టుబడ్డవాడు లేడనుకున్న నేను కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాను.

మేకలు సాయంత్రానికి విడుదలయ్యాయి. నాకు మెమో వచ్చింది.

చట్టంలో ఉన్న మాటను వదలకపోవడం ఎంత ముఖ్యమో, లేని మాటను కలపకపోవడమూ అంతే ముఖ్యం. ఆ తర్వాత ఉద్యోగం వదిలే దాకా ఏ కాగితం వచ్చినా ముందు తేదీ ముద్ర కొట్టి, ఆపైనే తప్పులు వెతికాను.