చెప్పినవాడు ఎక్కని తెప్ప

ఒక వస్తువు నీటి మీద తేలుతుందని మీకు ఎవరైనా హామీ ఇచ్చినప్పుడు, ఆ మనిషి దాని మీద ఒక్కసారైనా కూర్చున్నాడా అని మీరు ఎన్నడైనా అడిగారా?

నేను అడిగాను. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. కర్నూలు మనకు రాజధాని. మార్కాపురం, గిద్దలూరు వైపు వాళ్ళమంతా ఆ జిల్లాలోనే ఉన్నాము. నేను కర్నూలు కాలేజీలో చదువుకుంటూ చర్చా పోటీలలో పాల్గొనేవాణ్ణి. ఎదుటివాడి వాదన ఎంత అందంగా ఉన్నదో చూడవద్దు, దాని అడుగున ఏమున్నదో చూడమని మాకు నేర్పారు. ఆ పాఠం వేదిక మీద కంటే కంభం చెరువు ఒడ్డున ఎక్కువ అక్కరకు వస్తుందని అప్పటికి నాకు తెలియదు.

మాది ఆ చెరువుకు ఇవతలి గట్టు ఊరు. మా అక్కను ఇచ్చింది అవతలి గట్టున, కొండ కింద ఉన్న పల్లెకు. మా మిద్దె ఎక్కి చూస్తే వాళ్ళ ఊరి పొగ కనపడేది. కాని వానలు పడి చెరువు నిండిందంటే ఆ పొగను చేరుకోవడానికి కొండ చుట్టూ రాళ్ళబాటలో ఒక పగలంతా బండి ప్రయాణం చేయాలి, మధ్యలో వాగు దాటాలి. ఆ ఏడు వానలు ముందే వచ్చాయి. అక్కకు తొలి కాన్పు, నెలలు నిండాయి. పురిటికి పుట్టింటికి తీసుకురావాలి. ఆ బాటలో బండి కుదుపులకు ఏమవుతుందోనని అమ్మకు అన్నం సహించడం లేదు.

అటువంటి సమయంలో మా ఊరి పంచాయతీ ప్రెసిడెంటు తెప్ప చేయించాడు. ఆయన ఒకసారి ఒంగోలు దగ్గరి సముద్రపు ఒడ్డుకు పోయి, అక్కడి బెస్తవాళ్ళు దుంగలను పక్కపక్కన పేర్చి తాళ్ళతో కట్టుకుని, ఇసుక మీద నుంచి అలలలోకి తోసుకుపోవడం చూసి వచ్చాడు. సముద్రాన్నే దాటించేది చెరువును దాటించదా అన్నది ఆయన వాదన. వినడానికి అందంగానే ఉంది. అమ్మ ఆయనను అన్నా అని పిలిచేది, కాబట్టి నాకు మామ. తొలి ప్రయాణం మా అక్కతోనే జరగాలనీ, నిండు చూలాలు ఎక్కితే తెప్పకు శుభమనీ ఆయనే మా ఇంటికి వచ్చి చెప్పి పోయాడు. ఆ మాటకు నాయన కరిగిపోయాడు. నాకు మాత్రం ఆ మాటే ముల్లులా గుచ్చుకుంది. శుభం ఎవరికి? అక్కకా, తెప్పకా?

తెప్పను చూడటానికి వడ్రంగి కొట్టానికి వెళ్ళాను. దుంగలు పొణికివి. నల్లమల నుంచి తెప్పించారు. దూదిలా తేలికైన తెల్ల కట్టె అది, పిల్లల బొమ్మలు చెక్కేది. అందుకే మా వడ్రంగికి దాని మీద గౌరవం లేదు. బొమ్మల కట్టె మీద మనిషి ప్రాణం పెడతామా అన్నాడు. ఆయన జన్మంతా బండ్లు చేసినవాడు. మా వైపు బండి బరువుగా ఉంటేనే గట్టిది. కనుక పొణికి దుంగలకు రెండు పక్కలా చండ్ర మాను దూలాలు బిగించి, మీద చండ్ర అడ్డకర్రలు వేసి, పాత బండి చక్రాల ఇనుప పట్టాలతో పట్టీలు కొట్టాడు. నడుమ అక్క కూర్చోవడానికి ఒక ఎత్తుపీట. చండ్ర ఎంత గట్టిదో మా ఊళ్ళో గొడ్డలి పట్టిన ప్రతివాడికీ తెలుసు. ఎంత బరువో కూడా తెలుసు. అయినా నీళ్ళలో దాని సంగతి ఏమిటని అడిగితే, గట్టిది ఎక్కడైనా గట్టిదేనన్నాడు వడ్రంగి. అది జవాబు కాదని నాకు తోచింది. ఆయనకు అది జవాబేనని కూడా తోచింది.

నీళ్ళలోకి దింపే రోజు ఉదయం ఊరంతా చెరువు తలకు చేరింది. గుండ్లకమ్మ ఏరు వచ్చి చెరువులో కలిసేచోట ఇసుక మేట వేసి ఉంటుంది. అవతలి గట్టుకు అక్కడి నుంచే దూరం తక్కువ. తెప్పకు నిండా పసుపు పూశారు, మామిడాకులు కట్టారు. దాన్ని అక్కడికి చేర్చిన తీరు మరిచిపోలేను. నలుగురు భుజాన వేసుకుని పోతారని ప్రెసిడెంటు మామ చెప్పిన తెప్పకు రెండు జతల ఎద్దులను కట్టవలసి వచ్చింది. గట్టినేల ఉన్నంతవరకు బండి మీద వచ్చింది. ఇసుకలోకి రాగానే చక్రాలు దిగబడ్డాయి. అప్పుడు దాన్ని కిందికి దించి, అడుగున తాటిమొద్దులు దొర్లిస్తూ పగ్గాలు వేసి లాగించారు. ముందు జత నీళ్ళను చూసి దాహానికి అటు లాగింది, వెనుక జత గట్టు మీది పచ్చికకు ఇటు లాగింది. ఎద్దు ఎండకు, దున్న నీడకు అన్న సామెత ఎవరో అంటే అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. తేలికైన దానికి ఇంత లాగుడు ఎందుకు?

అవతలి గట్టున ఎర్రటి చుక్క ఒకటి కనపడుతూ ఉంది. అది అక్క చీర. ట్రంకుపెట్టె పక్కన పెట్టుకుని పొద్దున్నుంచి కూర్చుని ఉందని తరువాత తెలిసింది.

చివరి కొద్ది దూరం ఎద్దుల వల్ల కాక మనుషులమే తోశాము. నేనూ భుజం ఆనించాను. అప్పుడు నా ముఖం దుంగకు జానెడు దూరంలో ఉంది. పసుపు వాసనతో పాటు చెరువు అడుగు వాసన వచ్చింది. దుంగలను బిగించిన తాటినార తాడు కింద వేలు పెట్టి గీకితే ఎండిన నాచు ఊడి వచ్చింది. పీట కాలి మీద పసుపు గోకి చూశాను. అక్కడా బురద చార ఉంది, పీట పలకకు వేలెడు కిందుగా. కొత్త తెప్ప, ఇంకా నీళ్ళు చూడని తెప్ప అని నలుగురికీ చెప్పిన తెప్ప అది. మరి ఈ నాచు ఎక్కడిది? ఆ చార మీద పసుపు అంత మందంగా ఎందుకు పూశారు?

ఆ నాచును అరచేతిలో పెట్టుకుని మామ దగ్గరికి వెళ్ళాను. తెప్ప ఇంతకు ముందే నీళ్ళలోకి దిగిందా అని మర్యాదగానే అడిగాను. కట్టె తడిస్తే బిగుస్తుందని కొంచెం నీళ్ళు చల్లించామన్నాడు. చల్లిన నీళ్ళలో నాచు ఉండదు గదా అన్నాను. వడ్రంగి తన బాడిసె అంచును వేలితో తుడుచుకున్నాడు. కాలేజీ ప్రశ్నలు కాలేజీలో అడుక్కోవాలని ఎవరో వెనుక నుంచి అన్నారు. ముహూర్తం దాటిపోతున్నదని నాయన నన్నే కసిరాడు.

అప్పుడు అన్నాను: "ముందు మీరు ఎక్కండి మామా. అవతలికి పోయి అక్కను ఎక్కించుకొని రాండి."

"నేనెందుకురా అల్లుడా? ముహూర్తం ఆడబిడ్డకు పెట్టింది," అన్నాడు.

"ముహూర్తం అక్క వచ్చేదానికి. మీరు పోయేదానికి కాదు."

జనంలో నవ్వు పుట్టింది. ఆ నవ్వు ఎవరి మీదిదో తేల్చుకోవడానికి ఆయనకు క్షణం పట్టింది. తరువాత పంచె ఎగగట్టి, చెప్పులు విడిచి ఎక్కాడు. ఆయన ధైర్యాన్ని నేను కాదనను. నలుగురిలో మాట పడలేక ఎక్కినా ఎక్కినట్టే. తెడ్లు వేయడానికి కుదిర్చిన మనుషులు ఇద్దరూ ముందూ వెనుకా నిలబడ్డారు. మేము తోశాము. తెప్ప ఇసుకను వదిలింది, నీళ్ళలో కూర్చుంది, కూర్చుంటూనే పోయింది. దుంగల మీదికి నీళ్ళు వచ్చాయి, అడ్డకర్రలు మునిగాయి, పీట కాళ్ళ మీదుగా నీళ్ళు పైకి ఎక్కి, నేను గోకిన చోట, ఆ బురద చార దగ్గర, వచ్చి ఆగాయి. తెప్ప ఒక పక్కకు ఒరిగింది. మామ రెండు చేతులతో పీటను పట్టుకున్నాడు.

నాలుగు బారలు పోయి వెనక్కి వచ్చారు. దిగీ దిగకముందే ఆయన వాదన అందుకున్నాడు.

"తెప్పంటే తడుస్తాది. కోస్తావాళ్ళంతా కాళ్ళు తడుపుకొనే పోతారు. మేము చూసినాంలే, ఇద్దరికైతే బాగానే ఉన్నింది."

"ముగ్గురికి?" అన్నాను, పీట కాలి మీది చారను చూపిస్తూ.

"ఆడబిడ్డ ఎంత బరువుంటాది?"

అంతవరకు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిన అమ్మ ముందుకు వచ్చింది. "నా బిడ్డ ఒక్కతే కాదు గదన్నా," అన్నది. గొంతు పెంచలేదు. ఆ తరువాత ముహూర్తం సంగతి ఎవరూ ఎత్తలేదు. నాయన వెళ్ళి బండికి ఎద్దులను కట్టాడు.

అవతల ఎర్రచుక్క చాలాసేపు కదలలేదు. తెప్ప బయలుదేరడమూ, వెనక్కి తిరగడమూ అక్క చూసింది. కారణం ఆమెకు చెప్పే దారి లేదు. నాయన వరిగడ్డి మెత్తగా పరిచి, మరునాడు ఆమెను కొండ చుట్టూ తీసుకువచ్చాడు. బాట పల్లానికి దిగేచోట ఎద్దుల ముందు తానే నడిచి పగ్గాలు బిగబట్టాడు. అక్క మా గడపలో దిగినప్పుడు పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నన్ను చూసి అన్న తొలిమాట ఇది:

"నీకేంది, ప్రశ్న అడిగినావు. కుదుపులు తిన్నది నేను."

ఆమె అన్నది నిజం. కాన్పులో తల్లీబిడ్డా క్షేమంగా బయటపడ్డారు, అంతే. తెప్ప ఎక్కి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. కాని తెలియదు అన్న మాటను ఆ ఇసుక మీద ఒక్కరైనా ముందే అని ఉండవలసింది.

తెప్ప ఆ ఇసుకలోనే ఉండిపోయింది. కొన్నాళ్ళకు ఎవరో దానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు. నా నోటి దిష్టి తగిలిందని ఊరు నమ్మింది. వాని నోటి బరువుకే తెప్ప మునిగిందని మామ నవ్వుతూ చెప్పేవాడు, అందరూ నవ్వేవారు. తాడు కింది నాచును మాత్రం ఎవరూ తలచుకోలేదు. పసుపు పూసినవాళ్ళు ఎవరని నేను చాలామందిని అడిగాను. ఎవరూ పూయలేదు.

ఇప్పుడు మన రాష్ట్రంలో కొత్తవి ఎన్నో మొదలవుతున్నాయి. వంతెనలు, కట్టలు, బావులు. అన్నిటికీ పసుపు పూస్తున్నారు, మామిడాకులు కడుతున్నారు. వాటిలో మంచివి ఉండవని నేను అనను. మీకు నా విన్నపం ఒక్కటే. ఈసారి మీ ఊళ్ళో అటువంటి ముహూర్తం పెట్టినప్పుడు వెనుక వరుసలో నిలబడవద్దు. దగ్గరికి పోండి, పసుపును గోటితో గోకి చూడండి, చెప్పినవాణ్ణి ముందు ఎక్కమనండి. ఆయన దిగి వచ్చేదాకా మీ బిడ్డ చేతిని వదలకండి.