యాభై ఏడు కిలోల నూలు మూట

మొన్న కోరుట్లలో ఒక టైర్ల దుకాణం ముందు గొడవైంది. గొడవ పెట్టుకున్నది మా బావే. డెబ్బైకి దగ్గర పడిన మనిషి, మెకానిక్కు చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. చక్రాల సూటి చూడటానికి కంప్యూటరు తగిలించబోతూ, ఆ మెకానిక్కు కారు ఎడమ సీటులో బెల్టు వేసి ఉన్న నూలు మూటను చూసి "గీ సామానెందుకు సార్, తీసి కింద పెడ్త" అన్నాడు. అంతే. "సామానంటవా? చెయ్యి తియ్యి ముందు!" అని బావ అరిచిన అరుపుకు ఎదురుగా చాయ్ తాగుతున్నవాళ్లు గ్లాసులతో సహా లేచి నిలబడ్డారు. నేను మధ్యలో దూరి, మూటను సరిగ్గా కూర్చోబెట్టి, బెల్టు బిగించి, మెకానిక్కుకు చాయ్ ఇప్పించి చల్లార్చాను. "మూటల ఏమున్నది సార్?" అని అడిగాడు పాపం. నూలే నాయనా, నూలు తప్ప ఇంకేం లేదు అన్నాను. నేను చెప్పింది అబద్ధం కాదు.

మా బావది సిరిసిల్ల. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. వాటిని బాగుచేయడం బావ పని. పది సాంచాలు ఒక్కసారే కొట్టుకుంటుంటే బయట నిలబడి, "లోపట మూడో దానికి పానం బాగలేదు" అని చెప్పగల చెవి ఆయనది. కానీ ఇంట్లో భార్య మూడుసార్లు పిలిచినా పలకడు. ఆ భార్య మా అక్క. నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది, నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి. అక్కకు వేగమంటే పిచ్చి. పెళ్లయిన కొత్తలో బావ మోపెడ్ మీద ఎక్కించుకుని తిప్పితే, వెనక కూర్చుని "గింతేనా? ఎద్దుబండి నయం గదా!" అని వీపు మీద గుద్దేది. వాళ్లకు పిల్లలు కలగలేదు. కొన్నాళ్లు డాక్టర్ల చుట్టూ, కొన్నాళ్లు దేవుళ్ల చుట్టూ తిరిగి, చివరికి ఇద్దరూ ఆ మాట ఎత్తడమే మానేశారు. యాభై దాటాక ఒకరోజు బావ, పైకప్పు లేని రెండు సీట్ల కారు తానే కట్టుకుంటానన్నాడు. నలుగురు కూర్చునేది కొనుక్కోవచ్చు కదా అన్నాను నేను, పంతులు బుద్ధితో. అక్క నవ్వి, "ఎనక సీట్లు ఎవలకురా తమ్మీ?" అంది. నేను మళ్లీ ఆ సలహా ఇవ్వలేదు.

కారు ముక్కలు ముక్కలుగా లారీలో వచ్చింది. ఎక్కడో తమిళనాడు వైపు ఒకాయన ఇనుప చట్రం, ఫైబరు ఒళ్లు, ఇంత లావు పుస్తకం కలిపి కిట్టుగా అమ్ముతాడట. ఇంజను మనమే వెతుక్కోవాలి. బావ ఒక పాత మారుతీ నుంచి ఇంజను పీకి, సాంచాల షెడ్డులో ఓ మూల మూడేళ్లు కూర్చుని కట్టాడు. పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. ఆదివారాలు నేను వెళ్లి చదివి చెప్పేవాణ్ణి. "నట్టును తగినంత బిగించుము" అని నేను చదివితే, "తగినంతంటె ఎంత? రాసినోన్ని అడుగు" అని నా మీద కసిరేవాడు. అక్క కింద కూర్చుని బోల్టులు కిరసనాయిల్లో కడిగేది. తయారయ్యాక చూసిన పక్కింటి ముసలమ్మ, "తొట్టెలకు చక్రాలు పెట్టినట్టున్నది గదనే!" అంది. పిల్లల ఉయ్యాల మాట వినేసరికి మేమంతా బిక్కచచ్చిపోయాం. అందరికంటే ముందు నవ్వింది అక్కే.

కారు నడిచింది. సూటిగా పోయినంతసేపు రాజాలా పోయేది. మలుపు వస్తే మాత్రం మొండికేసేది. ముస్తాబాద్ రోడ్డు మీద ఒక మలుపులో వెనక భాగం ముందుకొచ్చి, ఇద్దరినీ తీసుకుపోయి వరిమడిలో పెట్టింది. ఒంటినిండా బురదతో అక్క "ఇంకోసారి పోదాం" అందట. బావకు మాత్రం భయం పట్టుకుంది. తనొక్కడే ఉంటే సరే, పక్క సీట్లో ఆమె ఉందే! ఇది తెలిసినవాడు పరీక్షించి సరిచేస్తే తప్ప ఆమెను మళ్లీ ఎక్కించుకోనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ తెలిసినవాడు కోరుట్లలో దొరికాడు. పుణెలో ఒక కార్ల కంపెనీలో ముప్పై ఏళ్లు కొత్త బండ్లను పరీక్ష చేసి, రిటైరై సొంతూరు వచ్చిన పెద్దమనిషి. ఊళ్లో అందరూ పుణె సార్ అనేవారు. ఆయన ఒక్క షరతు పెట్టాడు. "బందు ఉన్ననాడు రాండ్రి. రోడ్డు మొత్తం మనదే ఉంటది."

అప్పుడు బందులకు కొదవా! తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లే రోడ్ల మీదున్న రోజులు. బడులు లేవు, బస్సులు లేవు. సారంగాపూర్ బడిలో పాఠాలు చెప్పే నేను సమ్మెలో ఉండి, జగిత్యాలలో టెంటు కింద కూర్చుని గొంతు పోయేదాకా అరిచేవాణ్ణి. సిరిసిల్లలో అక్క ఆడవాళ్లతో కలిసి రిలే నిరాహార దీక్షల్లో కూర్చునేది. ఒక బందు రోజున బావ నెమ్మదిగా కారు తోలుకుంటూ కోరుట్ల వచ్చాడు. నంబరింకా రాని బండికి, నంబరుండాల్సిన చోట "జై తెలంగాణ" అని రాయించాడు. దాంతో ఏ ఊళ్లోనూ ఎవరూ ఆపలేదు, ఆపినా ఫొటో దిగడానికే ఆపారు. నేనూ మోటారు సైకిలేసుకుని జగిత్యాల నుంచి వెళ్లాను.

మూతబడిన ఒక నూలు మిల్లులో సిమెంటు గచ్చు మీద, పుణె సార్ నాలుగు చక్రాల కింద నాలుగు తూకపు కాంటలు పెట్టించాడు. "బండికి బరువే బుద్ధి. నాలుగు కాళ్ల మీద బరువు సరిగ్గ కూసుంటెనే మాట ఇంటది" అన్నాడు. చక్రాల సూటి చూడటానికి దారం కావాలంటే బావ జేబులోంచి నూలు తీశాడు. కారుకు రెండు పక్కలా దారం కట్టి చూస్తుంటే, సార్ స్కేలుతో కొలిచేలోపే బావ కంటితోనే "ఎనక కుడి చక్రం నూలుపోగంత బయటికున్నది" అనేవాడు. సార్ కొలిస్తే అంతే ఉండేది. "మా కంపెనీల నీ అసొంటోడు ఒక్కడు లేకుండె" అని మురిసిపోయాడు. తర్వాత బావను కుడి సీట్లో కూర్చోమని, ఎడమ సీట్లో కూర్చునే మనిషేదన్నాడు. దీక్షలో ఉందని చెప్పాం. "కూసునేటోళ్ల బరువు లేకుంట సెట్టింగు జేస్తె పెండ్లికొడుకు లేని పెండ్లి గదా! ఎంతుంటది ఆమె?" బావ తడుముకోకుండా యాభై ఏడు కిలోలన్నాడు. కిందటేడు సమ్మక్క జాతరలో అక్క తన ఎత్తు బంగారం మొక్కు తీర్చుకుంది. మనిషి తూకానికి సమంగా బెల్లం తూచి ఇవ్వడమన్నమాట. యాభై ఏడు కిలోల బెల్లం బావే నెత్తిన మోశాడు, ఎలా మర్చిపోతాడు? అంత బరువుకు అక్కడే మిగిలిన నూలు కోన్లు గోనె సంచిలో కుట్టి, సీట్లో పెట్టి బెల్టు వేశాం. సార్ స్ప్రింగుల కింది మరలు తిప్పుతూ, కాంటలు చూస్తూ, మళ్లీ తిప్పుతూ సాయంత్రానికి నాలుగు చక్రాలనూ దారికి తెచ్చాడు.

తరువాతి బందుకు అక్క తానే వచ్చింది. రోడ్డు మీదికి తీసుకుపోయే ముందు ఒకసారి అసలు మనిషితో తూకం చూద్దామన్నాడు సార్. మూట తీసి, అక్కను కూర్చోబెట్టాం. నాలుగు కాంటలూ కలిపితే పదకొండు కిలోలు తక్కువ వచ్చింది. "కాంట తప్పు" అన్నాం బావా నేనూ ఒక్క నోటితో. సిరిసిల్లలో నూలు తూకం తేడా వస్తే ఎవరైనా మొదట అనే మాట అదే. సార్ కాంటలు అటువి ఇటు మార్చాడు. అయినా పదకొండు తక్కువ. మూట మళ్లీ పెట్టించాడు. సరిగ్గా ఉంది. అక్కను కూర్చోబెట్టాడు. పదకొండు తక్కువ. అక్కే అందుకుని, "గిన్ని దినాలు దీక్షల కూసుంటె తగ్గనా మరి? తెలంగాణకు పదకొండు కిలోలు చందా ఇచ్చిన!" అంది. అందరం పెద్దగా నవ్వాం. ఈ బరువుకు మళ్లీ సెట్టింగు చేయమంటావా బిడ్డా అని సార్ అడిగాడు. "వద్దన్నా, మూటకే ఉండనియ్యి. దీక్షలు అయిపోయినంక నేను మల్ల గంతే అయిత" అంది.

కోరుట్ల నుంచి జగిత్యాల దాకా రోడ్డు ఖాళీ. సార్ నడిపాడు, పక్కన అక్క. వెనకాల బావా నేనూ మోటారు సైకిలు మీద. ఆ కారు మలుపు తిరుగుతుంటే చూడాలి, నీళ్లు కాలువలో తిరిగినట్టు తిరిగింది. అక్క చెయ్యి పైకెత్తి ఏదో అరుస్తుంటే, నా వెనక కూర్చున్న బావ నా భుజం పిండేస్తూ "సూసినవా బామ్మర్దీ, సూసినవా" అని ఏడుస్తున్నాడు. ఒక చోట రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు నడుస్తోంది. ఉద్యమంవాళ్లు మమ్మల్ని దింపి విస్తళ్లు వేశారు. అక్క రెండు ముద్దలు తిని, ఎవరూ చూడకుండా తన అన్నం నా విస్తట్లోకి తోసింది. చేతులు కడుక్కునే చోట సార్ నన్ను పక్కకు పిలిచాడు. "పంతులు సార్, మూడు దినాలకొకసారి దీక్షల కూసుంటె పదకొండు కిలోలు తగ్గరు. జల్ది డాక్టరుకు సూపెట్టు. బండి అబద్ధమాడది" అన్నాడు.

నేను అక్కను అడిగాను. నిజంగానే అడిగాను. "నీకు పుణ్యముంటది తమ్మీ, మీ బావ ముంగట అనకు. ఇన్నేండ్లకు ఆయన ముఖం గిట్ల ఎలిగింది. సమ్మె అయిపోనీ, దవాఖానకు నువ్వే తోల్కపో" అంది. సరే అన్నాను. టెంటులోకి తిరిగి వెళ్లిపోయాను. రోజూ వేదిక ఎక్కి న్యాయం గురించి, త్యాగం గురించి ఊదరగొట్టాను. ఇంట్లో కరిగిపోతున్న మనిషి గురించి ఒక్కరికి ఒక్క ముక్క చెప్పలేదు. సమ్మె నెల దాటి సాగింది. అది ముగిసి నేను సిరిసిల్ల వెళ్లేసరికి అక్క గడప దాటడానికి గోడ పట్టుకుంటోంది. కడుపులో గడ్డ అన్నారు హైదరాబాదులో. ఎన్నాళ్లయిందమ్మా అని డాక్టరు అడిగితే, అక్క నావైపు చూసి, ఈమధ్యనే అంది. ఆ ఎండాకాలం దాటలేదు. తెలంగాణ రావడం ఆమె చూడలేదు. వచ్చిన నాడు ఊరంతా పటాకులు కాలుస్తుంటే బావ షెడ్డులోకి వెళ్లి, నూలు మూటను ఎడమ సీట్లో పెట్టి, బెల్టు వేసి, కారు బయటికి తీశాడు. మూట లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుందని అందరితో అంటాడు. మళ్లీ ఒక్క మనిషికి సెట్టింగు చేయించుకోవచ్చని పుణె సార్ పోయేదాకా చెబుతూనే ఉన్నాడు. బావ వినలేదు.

మొన్న గొడవ చల్లారాక ఇద్దరం చాయ్ ముందు కూర్చున్నాం. ఇన్నేళ్లుగా మోసిన బరువు ఇక మోయలేనని, ఆ రోజు చేతులు కడుక్కునే చోట సార్ నాతో అన్న మాట, నేను దాచిన మాట చెప్పేశాను. కొట్టినా పడదామనుకున్నాను. బావ చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు.

"నాకు గూడ చెప్పిండు" అన్నాడు. "నీకంటె ముందే, మిల్లులనే. ఇంటికి పోయి అడిగిన. దీక్షల తగ్గిన్నన్నది. నమ్మిన. నమ్ముడే సులువుగుండె బామ్మర్దీ. నీకైతె ఎరుకలేదు, నువ్వన్న నిమ్మలంగున్నవు అనుకున్న గిన్నేండ్లు."

ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం ముసలివాళ్లం, నడిబజారులో, పిల్లల్లా ఏడ్చాం. మెకానిక్కు వచ్చి సూటి సరిపోయింది సార్ అని చెప్పి, మా ముఖాలు చూసి వెనక్కు తగ్గాడు. బావ కళ్లు తుడుచుకుని లేచాడు. సీటు దగ్గరికి వెళ్లి మూట మీద చెయ్యేసి నిమిరాడు.

"పొద్దుగాల కాంట మీద పెట్టి సూసిన. వానలకు నూలు తేమ పట్టింది. మీ అక్క ముప్పావు కిలో పెరిగింది" అన్నాడు, ముఖం కొంచెం వెలుగుతుండగా.

ఎండలు మొదలైతే ఆ ముప్పావు కిలో ఆరిపోతుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కాలం మా దగ్గర్నుంచి తీసుకుపోయింది లెక్కలేనంత. వానాకాలం ఒక్కటే ఏటా వచ్చి, అందులోంచి ఇంత తిరిగి ఇచ్చి పోతుంది.