పొడిలో రాగి

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో 'ప్యూర్' అంటే ఏందో నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదనుకునేవాణ్ని. ధర్మవరంలో మగ్గమున్న ఇంట్లో పుట్టి, ప్యూర్ పట్టు, ప్యూర్ జరీ అనే మాటలు వింటా పెరిగినోణ్ని గదా, ఆ మాత్రం ధీమా ఉండదా! సోమందేపల్లె దగ్గర చిన్న ఫ్యాక్టరీలో పని. టంగ్‌స్టన్ పొడిని మసితో కలిపి, గాలి తగలకుండా కొలిమిలో కాల్చి, కార్బైడ్ చేసి, డబ్బాలో గుండ్లేసి నానో పొడి అయ్యేదాకా నూరాల. ఆ పొడి ఎంత సన్నమంటే గట్టిగా తుమ్మితే మాయమైపోతాది (అంత ఎండలోనూ మాకు ఫ్యాను లేకపోవడానికి కారణం అదే). నేను చేసిన పొడి పరీక్షలో పాసైతే ఉద్యోగం ఖాయం, లేకుంటే మళ్లా మగ్గం గుంతలోకే.

మొదటి రిపోర్టు వచ్చింది. పొడిలో రాగి ఉండాదంట. మేనేజరు కాగితాన్ని చూస్తాడు, నన్ను చూస్తాడు. "రాగి యాడ్నుంచి వచ్చిందప్పా?" అన్నాడు. నాకేం తెలుసు? కొలిమి కాడుండే అన్ననడిగితే ఆయనకు రోషమొచ్చింది. సంగటి బయటే తింటాడంట, చేతులు కడుక్కోకుండా ఏ పొద్దూ లోపలికి రాలేదంట. ఆ రాగి కాదన్నా, లోహం రాగి అని సర్దిచెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. రెండోసారి చేసినా రాగే. మేనేజరు నీళ్లు తాగే రాగి చెంబు మీద అనుమానమొచ్చి దాన్ని బీరువాలో పెట్టి తాళమేసినాను. మూడోసారీ రాగే. మేనేజరు తన చెంబు తాను తీసుకొని, నాకొక్క వారం టైమిచ్చినాడు.

ఆ సాయంత్రం ఏమీ తోచక డబ్బా తుడుస్తా ఉంటే చేతిలో పేలిక కంటబడింది. నూలుగుడ్డైతే నూగు రాలుతాదని, మహా తెలివిగా ఇంటినుంచి తెచ్చుకున్న పట్టు ముక్క అది, నాయన అమ్మకు నేసిచ్చిన చీరలోని రవిక ముక్క కుట్టించగా మిగిలింది. దాని జరీ అంచు సగం అరిగి, లోపలి ఎర్రటి రాగి తీగ బయటపడింది. కార్బైడ్ గీరితే జరీ ఆగుతాదా? దొంగను నేనే! పేలిక మార్చినాను, పొడి పాసయింది, ఉద్యోగం నిలబడింది.

అయినా మనసులో ఇంకో తిరకాసు మొదలైంది. అసలు జరీ అంటే వెండి గదా, రిపోర్టులో వెండి ఊసే లేదేమి? జరీ అమ్మినోడు నాయన్ను మోసం చేసినాడని, ఆదివారం రిపోర్టు పట్టుకొని ఇంటికి పోయి అరిచినాను. నాయన మగ్గం ఆపి, వంటింటి వైపు చూసి, గొంతు తగ్గించినాడు. "గమ్మునుండప్పా. అమ్మే చీరలన్నిటికీ అసలు జరీనే వేసినా. మీ అమ్మ చీరకే వేయలేకపోయినా. ఆమెకు తెల్దు."

మొన్న ఒక పెళ్లికని అమ్మ ఆ చీర బయటికి తీసింది. నల్లబడిన అంచు నా ముందర పెట్టి, "పొడులు చేసేటోడివి గదా, చూసి చెప్పు. అసలు వెండి ఇట్లే నల్లబడతాది గదా?" అంది. అవతల మగ్గం చప్పుడు ఆగిపోయింది. రిపోర్టు పట్టుకొని అరిచిన ఆ పొద్దటి నన్ను తల్చుకొని నాకు నవ్వొచ్చింది.

"ప్యూర్ అమ్మా," అన్నాను.

మగ్గం మళ్లా ఆడింది. ఇన్నేండ్ల సర్వీసులో నేనిచ్చిన దొంగ రిపోర్టు అదొక్కటే.