చెయ్యి తడవకూడదు

డిసెంబరు వచ్చిందంటే బందరు చేపల మార్కెట్లో గంగాదేవికి వైద్యుల బెడద మొదలవుతుంది. చేప కోయించుకోవడానికి వచ్చినవాళ్ళు చేప వంక చూడరు, ఆమె చేతుల వంక చూస్తారు. చూసి ఊరుకుంటే గొడవే లేదు. "అయ్యో, అలా పగిలిపోయాయేంటి" అని ఒక నిట్టూర్పు, ఆ వెనకే ఒక చిట్కా. ఒకరు వెన్న అంటారు, ఒకరు కలబంద అంటారు, ఇంకొకరు వాళ్ళ అమ్మమ్మ చేసిన లేపనం పేరు మర్చిపోయి, గుర్తొచ్చేదాకా కదలకుండా నిలబడతారు. వెనక వరసలో ఉన్నవాళ్ళు విసుక్కునేది మాత్రం గంగాదేవి మీదే.

ఆమె పుట్టిల్లు నాగాయలంక. పెళ్ళై గిలకలదిండి వచ్చాక అత్తగారి పక్కన కూర్చుని ఈ పని నేర్చుకుంది. జారే చేప చేతిలో నిలవాలంటే వేళ్ళకు బూడిద అద్దుకోవాలి. బూడిద పట్టు ఇస్తుంది, ఇచ్చినట్టే ఇచ్చి చర్మంలో ఉన్న తేమంతా పీల్చేస్తుంది. దాని మీద ఐసు నీళ్ళు, ఆ నీళ్ళ మీద మళ్ళీ బూడిద. పైన ఉత్తరపు గాలి. కణుపుల దగ్గర చర్మం చీలి ఎర్రగా కనిపిస్తుంది, అరచేతులు తాటి మట్టల్లా గరుకెక్కుతాయి. చలికాలం పగులుతాయి, ఎండలు ముదిరితే వాటంతటవే కలుస్తాయి. ఇందులో ఇంతమంది కలగజేసుకోవడానికి ఏముందో ఆమెకు ఎన్నడూ అర్థం కాలేదు.

ఈ ఏడు మాత్రం ఆ చేతుల గురించి ఆమెకే బెంగ పట్టుకుంది. కూతురు శ్రీదుర్గ పురిటికి వచ్చి ఆడపిల్లను కన్నది. వాడలో సగం మంది పిల్లలకు లాల పోసిన మనిషి గంగాదేవి. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, ఆ కాళ్ళ మీద పసిగుడ్డును పడుకోబెట్టుకుందంటే ఎంత గయ్యాళి పిల్లైనా కళ్ళు మూసుకోవాల్సిందే. ఇప్పుడు సొంత మనవరాలు. తొమ్మిది నెలలూ ఆమె ఎదురుచూసింది ఈ నీళ్ళు పోయడానికే. తీరా ఒకరోజు పొద్దున నూనె రాసి వీపు రుద్దుతుంటే పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. తిప్పి చూస్తే వీపు మీద గోళ్ళతో గీరినట్టు ఎర్రటి చారలు.

శ్రీదుర్గ పిల్లను తుడిచి ఒళ్ళో వేసుకున్నాక మెల్లగా అంది.

"అమ్మా, ఏమనుకోకు. నీ చేతులు గీసుకుంటన్నాయి. కృత్తివెన్ను ఫోన్ చేసి మా అత్తయ్యని రమ్మంటాలే. నీకు తగ్గేదాకా ఆవిడ పోసుద్ది."

పురుడు పుట్టింట్లో. నీళ్ళు పోయడానికి అత్తగారు రావడమా. వాడలో ఆడవాళ్ళు ఏమంటారన్నది ఒక ఎత్తు. తన పీట మీద వియ్యపురాలు కాళ్ళు చాపుకుని కూర్చుంటే, తాను పక్కన చెంబు అందిస్తూ నిలబడటం ఇంకో ఎత్తు. "ఆదివారం దాకా ఆగవే, తగ్గిచ్చుకుంటా" అంది గంగాదేవి. ఇన్నాళ్ళూ చెవిన పెట్టని చిట్కాలన్నిటికీ తలుపు తెరిచింది ఆ క్షణమే.

ముందుగా జొరబడ్డది మొగుడు పోతయ్య. మోకాళ్ళ నొప్పులతో బోటెక్కడం మానేసి, హార్బరు షెడ్డులో వలలు బాగుచేస్తుంటాడు. పొద్దున వల కుట్టడానికి వెళ్ళి సాయంత్రానికి వైద్యం నేర్చుకుని వస్తాడు. మొదటి రోజు ఆముదంలో పసుపు కలిపించాడు. మర్నాడు మార్కెట్లో ఆమె చేతులు చామంతి పూల రంగులో ఉన్నాయి. "కోసేటప్పుడే పసుపు పట్టిస్తన్నావా? ఆ ఉప్పూ కారం కూడా నువ్వే వేసెయ్యి, పొయ్యి మీద పెట్టుకుంటాం" అన్నాడొక బేరగాడు. పక్కన పీతలమ్మే ఆమె నవ్వలేక చచ్చింది.

తరవాత ఝాన్సీలక్ష్మి గారు. గూడూరు దగ్గర మాగాణి ఉన్న రైతుల కోడలు, వారంలో రెండు మూడుసార్లు పండుగప్ప కోసం కారులో వస్తుంది. మంచి మనిషే, కాని చెప్పడం మొదలుపెడితే ఆపదు. స్టీలు డబ్బాలో గేదెపాల మీగడ తెచ్చి, "నిమ్మరసం పిండి రాసుకో గంగా, మా ఇంట్లో అందరం అదే రాసుకుంటాం" అంది. వాళ్ళింట్లో ఎవరికీ చేతులు పగలవు, అందుకే వాళ్ళకు పని చేసింది. నిమ్మరసం పగుళ్ళలో దిగగానే గంగాదేవికి పట్టపగలే చుక్కలు కనిపించాయి. మీగడ వాసనకు మార్కెట్ పిల్లి ఒకటి చేపల్ని వదిలేసి ఆమె మోచెయ్యి నాకడానికి వచ్చింది.

మళ్ళీ పోతయ్య. కొవ్వొత్తి కరిగించి కొబ్బరినూనెలో కలపాలట, రాసుకుని రెండు చేతులకూ ప్లాస్టిక్ కవర్లు కట్టుకోవాలట. కట్టుకుంది. దుప్పటి కప్పుకోవడానికి మొగుణ్ణి లేపాల్సి వచ్చింది. ఆ తరవాత మందుల షాపు రాజబాబు ఇచ్చిన గ్లిజరిన్. అది రాసుకుని కత్తిపీట ముందు కూర్చుంటే బతికున్న కొరమేను చేతిలోంచి జారి, ఝాన్సీలక్ష్మి గారి చెప్పు మీదుగా మురిక్కాలవలోకి వెళ్ళిపోయింది. పట్టు కోసం మళ్ళీ బూడిద అద్దుకుంటే గ్లిజరిన్‌తో కలిసి బురదైంది. ఆవిడ చెప్పు తుడుచుకుంటూ, "పని మీద రాసుకుంటే ఎలా గంగా, రాసుకున్నాక చెయ్యి తడవకూడదు" అంది.

ఆ మాట ఇంతకుముందు ఆముదానికీ చెప్పారు, మీగడకూ చెప్పారు, కొవ్వొత్తికీ చెప్పారు. గంగాదేవికి ఒళ్ళు మండిపోయింది.

శనివారం సాయంత్రం పెరట్లో కూర్చుని పసిపిల్ల గుడ్డలు ఉతుకుతోంది. సబ్బునీళ్ళు పగుళ్ళలో పడి భగభగమంటున్నాయి. రేపే ఆదివారం. అప్పుడే వచ్చాడు పోతయ్య, చేతిలో వేపాకు రెమ్మలు పట్టుకుని, ముఖం వెలిగిపోతూ.

"దీనికి తిరుగులేదంట. మెత్తగా నూరి పట్టీ వేసుకోవాలంట. వేసుకున్నాక మాత్రం చెయ్యి..."

"ఎవరి చెయ్యి?" అంది గంగాదేవి.

"నీదే."

"నా చెయ్యి తడవకపోతే ఈ గుడ్డలు ఎవరు పిండుతారు? అంట్లు ఎవరు తోముతారు? ఐసు పెట్టెలో ఎవరు చెయ్యి పెడతారు? రాసుకో, రాసుకో అని ఊరంతా చెప్పేవాళ్ళే. ఆ బకెట్టు ఇటివ్వు, నేను పిండుతానన్న పుణ్యాత్ముడు ఒక్కడు లేడు. మందు లేక కాదయ్యా ఇవి మానంది." చెప్తూ చెప్తూనే ఆమెకు ఏడుపొచ్చింది. "రేపు ఆవిడొచ్చి కూర్చుంటది నా పీట మీద."

పోతయ్య వేపాకులు అరుగు మీద పెట్టాడు. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూలబడి బకెట్టు తన వైపు లాక్కున్నాడు. "జరుగు" అన్నాడు.

మర్నాడు కత్తిపీట కూడా తనే మార్కెట్‌కి పట్టుకెళ్ళాడు. శ్రీదుర్గ ఇది చూసి, కృత్తివెన్ను ఫోన్ చెయ్యడం మానేసి పిల్లకు తనే నీళ్ళు పోసుకుంది. ఆ రోజుల్లో గంగాదేవి పడ్డ అవస్థ పగుళ్ళ బాధ కంటే ఎక్కువ. మార్కెట్ నుంచి కబుర్లు వస్తూనే ఉండేవి. వలతాడు లాగిన చేతులకు బూడిద ఎందుకని బీరాలు పలికాడట, మధ్యాహ్నానికి మోచేతుల దాకా పూసుకున్నాడట. ఝాన్సీలక్ష్మి గారి పండుగప్పను ఒక ముక్క పిడికిలంత, ఒక ముక్క గోరంత కొట్టిచ్చాడట. ఇంట్లో గిన్నెలు తోమితే అడుగున మసి అలాగే ఉండేది. లేచి వెళ్ళి లాక్కుందామని చేతులు దురదపెట్టేవి. అయినా వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చుక్క కొబ్బరినూనె తప్ప వాటికి ఏమీ రాయలేదు.

చీలికలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. ఒక పొద్దున శ్రీదుర్గ తల్లి అరచేతిని తన చెంపకు ఆనించుకుని చూసి, పిల్లను అందించింది. గంగాదేవి కాళ్ళు చాపింది. నూనె రాసింది, సున్నిపిండి నలిచింది, వేడినీళ్ళు పోసింది. పిల్ల కిక్కురుమనలేదు. సాంబ్రాణి పొగలో దాని నెత్తి ఆరబెడుతుంటే, ఆ వారం రోజుల చిరాకంతా ఎక్కడికి పోయిందో ఆమెకే తెలియలేదు.

ఆ సాయంత్రం పోతయ్య మార్కెట్ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, రోజూలాగే పిల్ల కోసం చేతులు చాపాడు.

శ్రీదుర్గ పిల్లను కొంచెం వెనక్కి తీసుకుంది. "వద్దులే నాన్నా. నీ చేతులు చూసుకో."

చూసుకున్నాడు. కణుపులన్నీ చీలిపోయి ఉన్నాయి, బొటనవేలి పక్కన నెత్తురు కూడా ఉంది. రెండు చేతులూ తువ్వాలు కింద దాచుకున్నాడు. "అవునమ్మా, గీసుకుంటాయి" అని, గుమ్మం దగ్గరే కూర్చుని అక్కణ్ణుంచే నాలుకతో టక్ టక్ అని చప్పుడు చేస్తూ పిల్లను ఆడించబోయాడు. అంత దూరం ఆ పిల్లకు కనిపించదు.

గంగాదేవి చూస్తూ నిలబడింది. చెయ్యని నేరానికి పక్కన కూర్చోబెట్టినట్టుండే ఆ బాధ ఎలాంటిదో ఈ ఇంట్లో తనకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆమెకు కోపం వచ్చింది. కూతురి మీద కాదు, మొగుడి మీదా కాదు. ఎవరి మీదో తెలియక ఆ కోపం ఇంకా పెరిగింది. వెళ్ళి శ్రీదుర్గ ఒళ్ళోంచి పిల్లను తీసుకుని పోతయ్య దగ్గరికి నడిచింది.

"అమ్మా, దానికి గీసుకుంటాయే" అంది శ్రీదుర్గ.

"గీసుకోనీ. ఈ ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరి చేతులు ఇలాగే ఉంటాయి. రేపు నేను పోతా మార్కెట్‌కి, నావి పగులుతాయి. అప్పుడు నన్నూ గుమ్మంలో కూర్చోబెడతావా?"

గంగాదేవి పిల్లను మొగుడి ఒళ్ళోకి దించింది. అతను పగిలిన వేళ్ళు రెండు వైపులకీ దూరంగా విడదీసి పట్టుకుని, పిల్లను మోచేతుల మీదే మోస్తూ, దీపాలు పెట్టేదాకా కదలకుండా కూర్చున్నాడు.