పీర్ సాహెబ్ గుంజని కాలు

యాకూబ్ తర్వాత్తర్వాత పెద్ద పీఈటీ మాస్టారయ్యాడు గానీ, 1985లో గురజాల నుంచి యూనివర్సిటీకి పోయి వ్యాయామ విద్యలో చేరినప్పుడు ఊరంతా నవ్వింది. "పరిగెత్తడానికి కూడా పట్టా ఏందిరా?" అని అందరికంటే ఎక్కువ ఆటపట్టించింది నేనే. నోటిదూలకు నాకు అప్పట్లో కొదవ లేదు.

వాళ్ళ నాన్న పీర్ సాహెబ్ ఎముకలకు కట్లు కట్టేవాడు. ఎవరికి కాలు మడతపడినా వేడి నూనెతో రుద్ది, ఒక్క గుంజు గుంజి, వెదురు దబ్బలు పెట్టి, కోడిగుడ్డు సొనలో తడిపిన గుడ్డ చుట్టేవాడు. యాకూబ్ పదేళ్ళకే ఆ పని నేర్చాడు. తీరా యూనివర్సిటీలో చెప్పిందేమిటంటే, దెబ్బ తగిలిన వెంటనే రుద్దకూడదు, గుంజకూడదు, ఐసు పెట్టి కదలకుండా ఉంచాలి. రెండుసార్లు సెలవులకొచ్చినా ఆ మాట తండ్రితో చెప్పే ధైర్యం చాలలేదట.

మరుసటి వేసవిలో నా కాలు ఆ మాట చెప్పించింది. హైస్కూలు గ్రౌండులో కబడ్డీ పోటీలు. కూతకెళ్ళిన నన్ను నలుగురు కలిసి పడేశారు. చీలమండ దగ్గర టక్కుమంది. ఎవరో పరిగెత్తి పీర్ సాహెబ్‌ని పిలుచుకొచ్చారు. ఆయన నా పాదం పట్టుకోబోతుంటే, సెలవులకొచ్చి అక్కడే ఉన్న యాకూబ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"అబ్బాజాన్, వద్దు. నొప్పి ఎముక మీదే ఉంది. కాలు నేలకు ఆనట్లా. ముందు ఎక్స్‌రే తీయించాలి."

"ఒరేయ్, నాయనకే నేర్పేంత వోడివయ్యావా?" అని గుంపులో ఎవరో అరిచారు.

విరగలేదని తేలితే, నలుగురిలో తండ్రి చేతికి అడ్డుపడినందుకు యాకూబ్ ఊళ్ళో తలెత్తుకోలేడు. విరిగినదాన్ని గుంజితే నా గతి అంతే. నొప్పికి ఓర్చుకోలేక ఇద్దర్నీ కలిపి తిట్టాను.

పీర్ సాహెబ్ కొడుకు మొహంలోకి చూసి నూనె గిన్నె పక్కన పెట్టాడు. "వాడు చెప్పినట్టే కానియ్యండి."

ఆ ఎండలో ఐసు ఎక్కడిది? ఐస్‌ఫ్రూట్ బండి డబ్బా ఖాళీ చేయించి, ఎర్రవీ పచ్చవీ తువ్వాల్లో చుట్టి కాలికి పెట్టాడు యాకూబ్. తండ్రి దగ్గరున్న వెదురు దబ్బలే తీసుకుని గుంజకుండా కట్టాడు. నరసరావుపేట బస్సులో నన్ను వెనక సీటు మీద పడుకోబెట్టాడు. దారి పొడుగునా నా కాలు కుదుపులకు కదలకుండా పట్టుకుని కూర్చున్నాడు.

ఎక్స్‌రే తీస్తే ఎముక విరిగే ఉంది. గుంజి ఉంటే ముక్క పక్కకు జరిగి జన్మంతా కుంటేవాడినన్నాడు డాక్టరు. కాలు విరిగిందని విని అంత సంతోషపడ్డవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. యాకూబ్ గోడకు చేరగిలబడి రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు.

నా బెంగంతా పీర్ సాహెబ్ గురించే. ఊళ్ళో ఆయన పేరేమైపోతుంది? పిండికట్టుతో ఇంటికి చేరిన సాయంత్రం ఆయనే వచ్చి నా మంచం పక్కన కూర్చున్నాడు.

"కోపమొచ్చిందా మామా, వాడి మీద?" అనడిగాను.

"కోపమేందిరా అబ్బాయ్!" ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ముప్పై ఏళ్ళుగా కాలు గుంజే ముందు ప్రతిసారీ నాకు భయమేసేది. లోపలేముందో నాకు కనపడదు గదా! అందరూ నా చేతిని నమ్మి వచ్చినోళ్ళాయె, ఎవురికి చెప్పుకోను? ఇంక ఆ భయం నేనొక్కణ్ణే మొయ్యక్కర్లా. చానా తేలిగ్గా ఉందిరా."