నాలుగూ ఒకే వైపు తిరిగిన డ్రోను

ఉండి ఊరి దగ్గర చేపల చెరువుల్లో తిరిగే ఏరియేటర్లలో సగం పెర్సిస్ చేతి మీదుగా పోయినవే. నీళ్ళను చిలికి చేపలకు గాలి అందించే ఆ యంత్రాల మోటార్లు కాలిపోతే రోడ్డు పక్కన తన షాపులో మళ్ళీ రాగి తీగ చుట్టి, వైండింగ్ చేసి ఇచ్చేది ఆవిడే. పని నేర్పింది తండ్రి కృపానందం. తన పనంటే పెర్సిస్‌కు కాస్త గర్వం. అంత బాగా చేసేవాళ్ళకు ఆ మాత్రం ఉండాలి కూడా.

కృపానందం రోడ్డవతల అబ్బాయిరాజుగారి చెరువుకు కాపలా. తెల్లవారుజామునే గట్టు చుట్టూ నడిచి, చేపలు గాలి కోసం పైకి తేలుతున్నాయేమో, ఏరియేటర్లు ఆగాయేమో చూడాలి. ఈ ఏడాది మోకాళ్ళు మొరాయించాయి. రాజుగారు మంచివారే, కానీ చెరువు మంచితనం మీద బతకదు. "వేరే మనిషిని చూసుకుంటానయ్యా" అన్నారు మొహమాటపడుతూ. అప్పటి నుంచి కృపానందానికి అన్నం సయించలేదు.

పెర్సిస్‌కు రోషం వచ్చింది.

"మా నాన్న కూర్చున్న చోటి నుంచే చెరువంతా చూస్తారండి. ఆదివారం చర్చి అయ్యాక రండి, చూపిస్తాను" అని రాజుగారితో అనేసింది. అన్నాక ఊరుకుంటుందా! కెమెరా ఉన్న డ్రోను కిట్టు తెప్పించి, షాపు బల్ల మీద తనే బిగించింది.

మొదట రిమోట్ ఏడిపించింది. దాని మీది పుల్ల పైకి నెడితే మూడు మోటార్లు లేచేవి, నాలుగోది బద్ధకంగా తరవాత కదిలేది. విప్పి చూస్తే మోటారు తప్పేమీ లేదు. పుల్ల ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో దాన్ని నడిపే బోర్డుకు తెలియదు, అంతే. రెక్కలు తీసేసి, పుల్లను పూర్తిగా పైకి పెట్టి బ్యాటరీ తగిలించి, బోర్డు కూత వినగానే కిందికి దించింది. ఈసారి నాలుగూ కలిసి లేచాయి.

అయితే కిట్టుతో వచ్చిన బొమ్మలో చూపినట్టు కలిపితే రెండు మోటార్లు ఒక వైపు, రెండు ఎదురు వైపు తిరిగాయి. పెర్సిస్ నవ్వుకుంది. ఏరియేటర్ ఎదురు తిరిగితే రెండు వైర్లు తారుమారు చేస్తే చాలు, ఆ పని ఆవిడ కళ్ళు మూసుకుని చేస్తుంది. నాలుగింటినీ ఒకే వైపుకు తిప్పింది. కిట్టులో వచ్చిన రెండు రకాల రెక్కల్లో కూడా ఒకే రకానివి ఏరి బిగించింది. కిట్టు పంపినవాడికి పని రాదని తీర్మానించింది.

ఆదివారం మబ్బు పట్టింది. మబ్బు వేస్తే నీళ్ళలో గాలి తగ్గుతుందని చెరువులో ఏరియేటర్లన్నీ వేశారు. షాపు ముందు కుర్చీలో కృపానందం, పక్కన రాజుగారు. డ్రోను మోకాలెత్తు లేచి, గిర్రున తిరిగి తిరిగి నేల మీద పడింది. మళ్ళీ లేపితే మళ్ళీ అదే. రాజుగారు చెరువు వైపు చూపు తిప్పుకున్నారు. ఏమైనా అన్నా బాగుండునని పెర్సిస్‌కు అనిపించింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"అమ్మాయ్, నాలుగూ ఒకే వైపు తిప్పావా?" అన్నాడు కృపానందం.

"అవును నాన్నా."

"చెరువులో ఏరియేటర్లన్నీ ఒకే వైపు ఎందుకు తిప్పుతామమ్మా?"

"నీళ్ళు గుండ్రంగా తిరగడానికి..." అంటూనే పెర్సిస్ నోరు వెళ్ళబెట్టింది.

"మరి ఇది తిరగకూడదు కదా!"

వెంటనే కూర్చుని, ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు మోటార్లకు వైర్లు మార్చింది. వాటికి రెండో రకం రెక్కలు పెట్టింది. పుల్ల మెల్లగా నెట్టింది.

డ్రోను లేచింది. షాపు రేకులు దాటింది, రోడ్డు దాటింది, చెరువు మీదికి నిదానంగా వెళ్ళింది. కృపానందం చేతిలోని ఫోనులో నీళ్ళు కనిపించాయి. ఆయన చూపు దాని మీద నుంచి కదలలేదు.

"రాజుగారూ, తూర్పు మూల ఏరియేటర్ ఆగిపోయిందండీ. మనిషిని పంపండి."

రాజుగారు వంగి చూసి, వెంటనే ఫోను తీసి చెరువు దగ్గరున్న పనివాడికి చెప్పారు. కాసేపటికి ఆ మూల నీళ్ళు తెల్లగా లేచాయి.

"బాగా చేశావమ్మా" అన్నారు పెర్సిస్‌తో. తరవాత కృపానందం వైపు తిరిగి, "మరి రేపటి కాపలా?" అన్నారు.

కృపానందం కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"రేపు తెల్లారేసరికి చెరువు మీదుంటానండీ."