మార్తమ్మ గారింట్లో రికార్డు చేసిన ఒక నిమిషం

గోదావరిలో మునిగి ఇసుక తీసే పడవ కూలీల మీద మేం ముగ్గురం కాలేజీ ప్రాజెక్టుగా ఒక డాక్యుమెంటరీ తీస్తున్నాం. ఇవాళ ఉదయం మార్తమ్మ గారింటికి వెళ్లాం. ఆవిడ భర్త మూడేళ్ల కిందట ఇసుక కోసం ఏట్లో మునిగి మళ్లీ పైకి రాలేదు.

ఇంటర్వ్యూ అయ్యాక మాకో పద్ధతి ఉంది. మాట్లాడిన గదిలోనే ఒక నిమిషం వట్టి నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకుంటాం. మాటలు కత్తిరించి అతికించిన చోట ఖాళీ తెలియకుండా దాన్ని వేస్తాం.

"ఒక్క నిమిషం అందరూ మౌనంగా ఉండండి" అన్నాను. ఎందుకో చెప్పలేదు.

మార్తమ్మ గారు లేచి, కొంగు తలమీద కప్పుకుని కళ్లు మూసుకున్నారు. మంచం మీదున్న వాళ్ల అత్తగారు అటూ ఇటూ చూసి, మెల్లగా దిగి కోడలి పక్కన నిలబడ్డారు. మేమూ లేచాం. నిమిషం దాటినా కట్ అనడానికి నాకు నోరు రాలేదు.

చివరికి మార్తమ్మ గారే కళ్లు తుడుచుకున్నారు. "ఆయన దొరకలేదు కదండీ. కొడుకు తిరిగొస్తాడని మా అత్త ఆయన జ్ఞాపకార్థం ప్రార్థన కూడిక కూడా పెట్టనివ్వలేదు. ఇన్నాళ్లకి, మీరడిగారని నిలబడిందండి" అన్నారు.

నేనడిగింది రికార్డింగ్ కోసమని చెప్పలేకపోయాను.

సాయంత్రం నుంచి ఎడిటింగ్‌కి కూర్చున్నాను. పద్ధతి ప్రకారం ఆ నిమిషాన్ని ముక్కలు చేసి మాటల మధ్య వేయాలి. ఇంతవరకు ఒక్క ముక్కా కొయ్యలేదు. మీరైతే కోస్తారా?